తిండి మంచిగనే తింటున్న, అయినా మూడో రౌండ్‌కే కాళ్ళు పడిపోతున్నయ్. విటమిన్ తక్కువైతే ఒంట్ల శక్తి ఏడికి పోతది?

పాలమూరు_రన్నర్

అన్నలకు అక్కలకు నమస్తే. మాది అచ్చంపేట దిక్కు, ఇప్పుడు మహబూబ్‌నగర్‌ల రూమ్ తీస్కొని కానిస్టేబుల్‌కు ప్రిపేర్ అయితున్న. తెల్లారకముందే గ్రౌండ్‌ల రన్నింగ్, ఆ తర్వాత పొద్దుగూకేదాక లైబ్రరీల కూసునుడే. పోయినసారి మొగోళ్ళకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లల కొట్టాలని పెట్టిండ్రు గదా, నాకేమో మొదటి రెండు రౌండ్లు మంచిగనే పోతయ్, మూడో రౌండ్‌కు వచ్చేసరికి తొడలు బిగుసుకపోయి ఇగ లేవనే లేవవు, దమ్ముతోని ఇబ్బంది కాదు, కాళ్ళల్లనే జీవం ఉండది. మెట్లెక్కినా గదే కథ. అరికాళ్ళు అప్పుడప్పుడు తిమ్మిర్లెక్కుతయ్.

తిండికి తక్కువేం లేదు. రెండు పూటల కడుపునిండ అన్నం, పప్పో పచ్చిపులుసో, ఆదివారం ఒక్కరోజు చికెన్. పొట్ట కూడ కొంచెం వచ్చింది. మరి తిన్నదంతా పొట్టల దాసుకుంటున్న ఒళ్ళు కాళ్ళకు ఎందుకు ఇస్తలేదు? ఇదే నా డౌట్. టెస్టులు చేపిస్తే హిమోగ్లోబిన్ 13.4, షుగర్ నార్మల్, బి12 ఏమో 148, విటమిన్ డి 11 వచ్చింది. డాక్టర్ కాడికి వచ్చే సోమారం పోవాలె. ఈలోపల ఊర్లె ఆర్ఎంపీ బి కాంప్లెక్స్ కలిపి రెండు సెలైన్లు ఎక్కిస్త, గ్రౌండ్‌ల నువ్వే ఫస్ట్ వస్తవ్ అంటుండు. రూమ్‌ల దోస్తులు రోజూ పచ్చి గుడ్లు పగలగొట్టుకొని తాగుతున్నరు, నన్ను గూడ తాగమంటుండ్రు. ఎవరికన్న తెలిస్తే జర ఇడమర్శి చెప్పుర్రి.

నల్లమల_టైగర్

ఎక్కించుకో తమ్మీ ఏం కాదు. మేమంతా గట్లనే ఎక్కించుకున్నం.

బయోకెమ్_నల్లగొండ

సెలైన్ సంగతి తర్వాత. ముందు నీ డౌట్ మస్తు మంచి డౌట్ తమ్మీ, ఒళ్ళు దాసుకుంటుంది గాని ఇస్తలేదు అన్నవ్ చూడు, అది సగం కరెక్టు.

విటమిన్లల్ల ఒక్క కేలరీ గూడ ఉండది. శక్తి అంతా అన్నం పప్పు నూనెలకెల్లి వచ్చేదే. ఆ శక్తిని ఒళ్ళు రెండు మూడు తీర్ల దాసుకుంటది. గ్లైకోజెన్ అని గ్లూకోజ్ గొలుసులు కట్టి పెట్టుకుంటది, లివర్‌ల సుమారు 100 గ్రాములు, కండలల్ల ఒక 400 గ్రాములు, అంతా కలిపితే 2000 కేలరీలు. ఇంతకంటె ఎక్కువ పట్టది. మిగిలిందంతా కొవ్వుల పోతది, కిలో కొవ్వుల దగ్గర దగ్గర 7700 కేలరీలు ఉంటయ్, అంటే బక్కపల్చ మనిషి దగ్గర గూడ నెల రోజులకు సరిపోయే స్టాక్ ఉన్నట్టే. ఇగ శక్తి లేకపోవుడు ఎక్కడిది? గోదాం నిండ వడ్లున్నయ్ గని మిల్లుకు కరెంట్ లేదనుకో, బియ్యం వస్తయా? బి విటమిన్ల పని ఆ కరెంట్ పనే.

నీ తొడ కండల ఉన్న గ్లైకోజెన్‌ను తెంపి గ్లూకోజ్ ముక్కలు చేసే ఎంజైమ్ ఒకటుంటది, దానికి బి6 అంటుకొని ఉండాలె, ఒంట్ల ఉండే బి6ల ఎక్కువ వాటా ఆ కండల్లనే ఆ ఎంజైమ్ కాడనే ఉంటది. ఆ ముక్క కరిగి పైరువేట్ అయితది, అది మైటోకాండ్రియా, అంటే కణం లోపల శక్తి తయారయ్యే పొయ్యి, దాని లోపలికి పోయి కాలాలంటే బి1 కావాలె. బి1 లేకుంటె అది కాలలేక లాక్టేట్‌గ మారి కూసుంటది. లోపలికి పోయినంక బి2, బి3, బి5 ముగ్గురు పని జేస్తరు. కొవ్వు కాలాలన్నా ఈ ముగ్గురే. ఆ కొవ్వును మైటోకాండ్రియాలకు మోసుకపోయే కార్నిటిన్ అనేదాన్ని ఒళ్ళు తయారు చేసుకోవాలంటే విటమిన్ సి, ఐరన్ కావాలె, విటమిన్ సి తక్కువై స్కర్వీ రోగం వచ్చినోళ్ళకు చిగుళ్ళు రక్తం కారకముందే నీరసం వచ్చేది, దానికి ఒక కారణం ఇదే అంటరు.

ఇప్పుడు నీ రిపోర్ట్. బి12 మామూలుగ 200 పైన ఉండాలె, నీది 148. బి12 నేరుగ గ్లూకోజ్‌ను కాల్చదు. దాని పని రెండు కాడ. ఫోలిక్ యాసిడ్‌తోని కలిసి ఎర్ర రక్తకణాలు తయారు చేపిస్తది, ఇంకోటి కొన్ని కొవ్వులు, ప్రోటీన్ ముక్కలు కాలే దారిల ఒక మెట్టు దాటిస్తది. అది తక్కువైతే రక్తకణాలు పెద్దగ తయారైతయ్ గని లెక్కకు తక్కువైతయ్, నరాల మీది పొర దెబ్బ తింటది. నీ తిమ్మిర్లు అందుకే కావచ్చు. హిమోగ్లోబిన్ 13.4 అంటే మొగోళ్ళకు కొసకు ఉన్నట్టు, రిపోర్ట్‌ల ఎంసీవీ అని ఉంటది చూడు, అంటే ఎర్ర రక్తకణం సైజు, 100 దాటిందంటే డాక్టర్‌కు మర్చిపోకుండ చూపించు.

విటమిన్ డి 11 అనేది ఇంకో కథ. 20 కంటే కింద ఉంటే తక్కువున్నట్టు. డి తక్కువైతే తొడలు, భుజాల కండలే ముందు బలం తగ్గుతయ్, మెట్లెక్కుడు, కింద కూసుండి లేసుడు కష్టమైతది. చీకట్ల ఉరికి, పగలంతా లైబ్రరీల ఫ్యాన్ కింద కూసుంటె పాలమూరు ఎండ ఎంతుండి ఏం లాభం?

పొట్ట మాత్రం విటమిన్ తక్కువై వచ్చింది కాదు. తిన్న దాంట్ల ఖర్చు కానిది దాసిపెట్టుకునుడు ఒంటికి ఎప్పుడూ వచ్చు. డి తక్కువున్నోళ్ళల్ల లావుగ ఉన్నోళ్ళు ఎక్కువ కనిపిస్తరు, ఎందుకంటే డి కొవ్వులకు పోయి కూసుంటది, రక్తంల తక్కువ కనిపిస్తది. డి గోలీలు ఏసుకుంటె లావు తగ్గుతదని మాత్రం అనుకోకు. నీరసం, లావు రెండూ ఉన్నయంటె థైరాయిడ్ టెస్ట్ గూడ అడుగు.

ఒకటి చెప్పు, గ్యాస్ గోలీలు ఏమన్న వాడుతున్నవా?

మిర్యాలగూడ_మిల్లు

మిల్లుకు కరెంట్ లేదని మా మీదికే వచ్చినవ్ అన్న 😀 మాది మిల్లే, నేను చెప్పేది గూడ ఇనుర్రి. జనం తెల్లగ ముత్యం లెక్క ఉన్న సన్నబియ్యమే అడుగుతరు, మేం పాలిష్ మీద పాలిష్ కొడ్తం, బియ్యంల ఉన్న బి1ల సగానికంటె ఎక్కువ తవుడుల పోతది. ఆ తవుడు నూనె ఫ్యాక్టరీలకు, బర్లకు పోతది. మళ్ళ ఇంట్ల ఆడోళ్ళు మూడు నాలుగు నీళ్ళు కడిగి, గంజి వార్చి పారబోస్తరు, ఉన్న కాసింత అక్కడ పోతది. బాయిల్డ్ రైస్‌ల అట్ల కాదు, వడ్లు నానబెట్టి ఆవిరి పట్టేటప్పుడు పొట్టు కింద ఉన్న బి1 గింజ లోపలికి గుంజుకుంటది, తర్వాత పాలిష్ కొట్టినా అంతగ పోదు. కాని మనోళ్ళు బాయిల్డ్ తినరు గదా, మా దగ్గర తయారై కేరళకు తమిళనాడుకు పోయేది. 2021ల కేంద్రం బాయిల్డ్ రైస్ కొనేది లేదన్నప్పుడు ఎంత లొల్లి అయిందో అందరికి ఎరుకే.

బయోకెమ్_నల్లగొండ

మిల్లు అన్న చెప్పింది నూటికి నూరు నిజం. బి1 తక్కువై వచ్చే బెరిబెరి అనే రోగం గుట్టు గట్లనే దొరికింది. 1890ల కాలంల జావాల ఐక్‌మన్ అని డచ్ డాక్టర్ ఉండె, ఆస్పత్రి వంటగది పాలిష్ బియ్యం తిన్న కోళ్ళు కాళ్ళు పడిపోయి కూలబడుతుంటె, ముడి బియ్యం వేస్తే లేచి తిరిగినయ్. ఆయనకు 1929ల నోబెల్ ఇచ్చిండ్రు. బి1 ఒంట్ల మొత్తం కలిపి 25, 30 మిల్లీగ్రాములే ఉంటది, బయటికెల్లి రాకుంటె రెండు మూడు వారాలల్ల అయిపోతది. బి12 అట్ల కాదు, లివర్‌ల ఏండ్లకు సరిపడ దాసుకుంటది, అందుకే బి12 తక్కువ వచ్చిందంటె అది నిన్న మొన్న మొదలైంది కాదు, ఎప్పటికెల్లో నడుస్తున్నట్టు.

ఇంకో మాట, అన్నం ఎంత ఎక్కువ తింటె బి1 అంత ఎక్కువ కావాలె, వెయ్యి కేలరీలకు సగం మిల్లీగ్రాము లెక్క. ప్లేట్ నిండ తెల్లన్నం, గిన్నె అడుగున నీళ్ళ పప్పు తింటె కాల్చవలసింది పెరుగుతది, కాల్చేది పెరగది.

పాలమూరు_రన్నర్

అన్నా మస్తు థాంక్స్, ఇంత ఇడమర్శి ఎవ్వరు చెప్పలే. గ్యాస్ గోలీ ఏసుకుంట అన్న, ఇంటర్ హాస్టల్ కాడికెల్లి పొద్దున లేవంగనే ఒకటి. మెడికల్ షాపుల అడిగితె ఇస్తరు, డాక్టర్ రాసింది కాదు. ఎంసీవీ చూసిన, 101 ఉంది. అది గోలీ వల్లనా?

బయోకెమ్_నల్లగొండ

దొరికింది దొంగ, కనీసం ఒక దొంగ. మాంసం, గుడ్లు, పాలల్ల ఉన్న బి12 ప్రోటీన్‌కు అంటుకొని ఉంటది, కడుపుల యాసిడ్ ఉంటెనే అది ఊడి వస్తది. రోజూ యాసిడ్‌ను ఆపే గోలీ ఏండ్ల తరబడి ఏసుకుంటె ఎట్ల ఊడుతది. షుగర్ పేషెంట్లు వాడే మెట్‌ఫార్మిన్ గూడ బి12 తగ్గిస్తది, ఇంట్ల పెద్దోళ్ళు వాడుతుంటె వాళ్ళకు గూడ టెస్ట్ చేపియ్యుర్రి. నీ తిండిల గూడ బి12 తక్కువే, చికెన్‌ల అంతగ ఉండది, మటన్, కార్జం, చాపలు, గుడ్లు, పెరుగులనే ఎక్కువ. గోలీ ఒకేసారి బంద్ చేయకు, ఒక్కసారిగ ఆపితె మంట ఎక్కువైతది, డాక్టర్‌కు చెప్పి మెల్లగ తగ్గించుకో. ఇగ ఫోలిక్ యాసిడ్ ఒక్కటే సొంతంగ కొనుక్కొని మింగకు, అది రక్తాన్ని సర్ది రిపోర్ట్ మంచిగ కనిపించేటట్టు చేస్తది, లోపల నరాలు మాత్రం దెబ్బ తింటనే ఉంటయ్.

నల్లమల_టైగర్

గన్ని పుస్తకం ముచ్చట్లు దేనికన్నా. జొరమొచ్చి మంచం పట్టినోడు గూడ సెలైన్ ఎక్కించుకొని నడుసుకుంట ఇంటికి వచ్చుడు మా కండ్లతోని చూసినం. పసుపు పచ్చ సెలైన్ ఎక్కుతుంటెనే తెలుస్తది పవర్. ఆర్ఎంపీలు లేకుంటె మా చెంచు పెంటలల్ల, తండాలల్ల రాత్రిపూట ఎవరొస్తరు?

బయోకెమ్_నల్లగొండ

రాత్రిపూట వచ్చేది ఆయనే, దానికి నేనేం అంటలేను. జొరానికి, వాంతులకు, ఎండదెబ్బకు ఒంట్ల నీళ్ళు ఉప్పు తక్కువైతయ్, సెలైన్ అవి ఇస్తది గాబట్టి మనిషి లేస్తడు. నీరసానికి అయితె లెక్క చెప్తా చూడు. 5 శాతం గ్లూకోజ్ సెలైన్ అర లీటర్ సీసల గ్లూకోజ్ 25 గ్రాములు, అంటే 100 కేలరీలు గూడ లేవు, ఒక అరటిపండు తింటె అంత వస్తది. పసుపు పచ్చ రంగు బి2ది. మిగిలింది రెండు మూడు గంటలల్ల మూత్రంల పచ్చగ పోతది, పవర్ పోయిందనుకో, పైసల్ పోయినయనుకో.

ఇంకోటి సీరియస్‌గ చెప్తున్న. రోజూ మందు తాగి తిండి సక్కగ తిననోళ్ళకు బి1 అప్పటికే అడుగంటి ఉంటది. వాళ్ళకు బి1 ఇయ్యకుండ గ్లూకోజ్ ఎక్కిస్తె ఉన్న కొంచెం గూడ ఖర్చయిపోయి మెదడు దెబ్బ తింటది, కండ్లు తిరుగుడు, తూలుడు, మతి తప్పుడు వస్తది. అందుకే పెద్దాస్పత్రిల ముందు బి1 ఇచ్చినంకనే గ్లూకోజ్ పెడ్తరు.

తమ్మికి బి12 నిజంగనే తక్కువుంది గాబట్టి ఇంజెక్షన్ రాసినా రాస్తరు, అది పని చేస్తది గూడ. నేను వద్దన్నది ఇంజెక్షన్‌ను కాదు. తక్కువ లేనోళ్ళు ఎక్కించుకుంటె ఉరుకుడు పెరగదు, అంతే.

దేవరకొండ_అక్క

తమ్మీ నేను గూడ ఇదే పరీక్షకు ప్రిపేర్ అయిన, ఆడోళ్ళకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకండ్లు. అందరు విటమిన్ విటమిన్ అంటుండ్రు గని ఆడపిల్లలకు ముందు చూడవలసింది ఐరన్. నాకు 8.9 ఉండె హిమోగ్లోబిన్, రౌండ్ సగం కాకముందే గుండె దడ, అందరు భయమనుకున్నరు. ఐరన్ విటమిన్ కాదు గని కథ ఒక్కటే, రక్తంల ఆక్సిజన్ మోసేది లేకుంటె కొవ్వు ఎట్ల కాలుతది, కొవ్వు కాలాలంటె ఆక్సిజన్ ఉండాల్సిందే. నెలసరి ఎక్కువ అయ్యేటోళ్ళు మరీ చూసుకోవాలె. నాకు డాక్టరమ్మ చెప్పింది ఒక్కటే, తిన్న వెంటనే చాయ్ బంద్ చెయ్, గోలీ నిమ్మకాయ నీళ్ళతోని ఏసుకో. మా ఇంట్ల చాయ్ బంద్ అంటె యుద్ధమే అయింది. పప్పుల ఆకుకూర ఉన్నా పైన చాయ్ పోస్తె ఆ ఐరన్ ఒంటికి పట్టదట.

మక్తల్_పెద్దసారు

రిటైర్డ్ సైన్స్ టీచర్‌ను. పిల్లలు మంచిగ మాట్లాడుకుంటున్నరు, ఒకటి జోడిస్త. మా నారాయణపేట, మక్తల్ దిక్కు పూర్వం మూడు పూటల జొన్నరొట్టె, జొన్నగట్కనే. ఇప్పుడు షుగర్‌కు మంచిదని పట్నంల జొన్నరొట్టెకు ఎగబడుతున్నరు గని, వెనకట దక్కన్‌ల పేదోళ్ళల్ల పెలాగ్రా అనే రోగం ఉండేది, ఎండ తగిలే కాడ, మెడ చుట్టు, చేతుల మీద తోలు నల్లబడి పెచ్చులు ఊడేది, విరేచనాలు, చివరికి మతి చెడేది. అది బి3 తక్కువై వచ్చేది. హైదరాబాద్‌ల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, అదే తార్నాక ఎన్‌ఐఎన్, అది మొదలైతె 1918ల కూనూరుల పెట్టిండ్రు, 1958ల ఇక్కడికి వచ్చింది. అక్కడ గోపాలన్ గారు, శ్రీకాంతయ్య గారు 1960 ప్రాంతంల దీని మీదనే పని చేసిండ్రు. జొన్నల లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది ఒళ్ళు బి3 తయారు చేసుకునుడుకు అడ్డం పడ్తదని చెప్పిండ్రు. దీన్ని అందరు ఒప్పుకోలేదు, చర్చ చాన కాలం నడిసింది. ఒళ్ళు ట్రిప్టోఫాన్ అనే ఇంకో అమైనో ఆమ్లం 60 మిల్లీగ్రాములు వాడి 1 మిల్లీగ్రాము బి3 చేసుకుంటది, ఆ ట్రిప్టోఫాన్ పాలల్ల, గుడ్లల్ల, పప్పులల్ల దొరుకుతది. అంటే జొన్న తప్పు కాదు, జొన్న ఒక్కటే తినే పేదరికంది తప్పు. పాలు పప్పు ఉన్న ఇంట్ల జొన్నరొట్టె తిన్నోళ్ళకు ఆ రోగం ఎక్కడ వచ్చింది?

ఇంకో సంగతి, శక్తి నిల్వ గురించి మాట్లాడుతున్నరు గని మన తెలుగాయన పేరు ఒక్కరన్న తలుసుకోలే. భీమవరంల 1895ల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. హార్వర్డ్‌ల ఫిస్క్ అనే ఆయనతోని కలిసి కండలు అప్పటికప్పుడు వాడుకునే శక్తి ఉండే పదార్థాలు రెండు, 1927ల ఫాస్ఫోక్రియాటిన్, 1929ల ఏటీపీ కనిపెట్టిండు, అదే ఏడు జర్మనీల లోమన్ గూడ ఏటీపీని పట్టిండు అనుకోండ్రి. తర్వాత లెడర్లే అనే మందుల కంపెనీల ఫోలిక్ యాసిడ్ తయారు చేసిన టీమ్‌ను నడిపించిండు. తమ్మి షాట్‌పుట్ విసిరేటప్పుడు, లాంగ్ జంప్ దుంకేటప్పుడు వాడేది ఆ ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్ స్టాకే, అది కొన్ని సెకండ్లకే అయిపోతది. 1600కు అది చాలదు, గ్లైకోజెన్, ఆక్సిజన్ కావాలె. అందుకే షాట్‌పుట్ మంచిగ పడి రన్నింగ్‌ల కూలబడే పోరగాళ్ళు ఉంటరు. నీది గట్లనేనా?

పాలమూరు_రన్నర్

సార్ నమస్తే, కరెక్ట్‌గ గట్లనే సార్. షాట్‌పుట్‌కు ఇబ్బందే లేదు. పచ్చి గుడ్ల సంగతి ఎవ్వరు చెప్పలే అన్నలు.

ల్యాబ్_సూర్యాపేట

ల్యాబ్ టెక్నీషియన్‌ను. పచ్చి గుడ్డు తెల్లసొనల అవిడిన్ ఉంటది, అది బయోటిన్‌ను, అంటే బి7ను గట్టిగ పట్టుకొని ఒంటికి పట్టనియ్యది. ఒళ్ళు కొవ్వు తయారు చేసుకోవాలన్నా, అన్నం లేనప్పుడు లివర్ గ్లూకోజ్ తయారు చేసుకోవాలన్నా బయోటిన్ ఎంజైమ్‌లే కావాలె. ఒకటి రెండు తాగితె ఏం కాదు, నెలల తరబడి రోజూ అరడజన్ తాగేటోళ్ళకే లొల్లి. ఉడకబెడితె అవిడిన్ చచ్చిపోతది, ప్రోటీన్ గూడ పచ్చిదానికంటె మంచిగ అరుగుతది. పచ్చి గుడ్డుతోని విరేచనాలు పట్టుకునే ప్రమాదం అదనం. ఉడకబెట్టుకొని తినమను, గ్యాస్ పైసలకు కక్కుర్తి పడకుండ.

టెస్టుల గురించి ఒక మాట. బి12 ఇంజెక్షన్ పొడిపించుకున్నంక మళ్ళ బి12 టెస్ట్ చేపిస్తె నంబర్ ఆకాశంల ఉంటది, బాగైందని కాదు. ఎంసీవీ, హిమోగ్లోబిన్ ఎట్ల మారుతున్నయో చూడాలె, పాత రక్తకణాలు నాలుగు నెలలు బతుకుతయ్ గాబట్టి మెల్లగనే మారుతయ్. తిమ్మిర్లు పోవుడుకు ఇంకా టైం పట్టొచ్చు. డి 60,000 యూనిట్ల ప్యాకెట్ వారానికి ఒకటి రాస్తరు, కొంతమంది తొందరల రోజుకొకటి మింగి వస్తరు, అది మూత్రంల పోయే రకం కాదు, కొవ్వుల నిలిచిపోతది, ఎక్కువైతె రక్తంల కాల్షియం పెరిగి కిడ్నీలకు దెబ్బ.

పాలమూరు_రన్నర్

సరే అన్న. ఆర్ఎంపీకి ఇప్పుడే ఫోన్ చేసి వద్దన్న, కోపానికొచ్చిండు. రేపు పొద్దున థైరాయిడ్‌కు రక్తం ఇచ్చి వస్త, సోమారం డాక్టర్‌కు రిపోర్ట్‌లన్నీ చూపిస్త. జుట్టు రాలుతుందని ఒక గోలీ గూడ వాడుతున్న, 10 మిల్లీగ్రాముల బయోటిన్ అని ఉంది డబ్బ మీద, గుడ్ల వల్ల పోయేది దాంతోని సరిపోతది గదా?

ల్యాబ్_సూర్యాపేట

ఆగు ఆగు. రేపు ఇయ్యకు రక్తం. అంత డోస్ బయోటిన్ ఒంట్ల ఉంటె చాన మిషన్లల్ల థైరాయిడ్ రిపోర్ట్ తప్పు వస్తది, టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ను నడిపించే హార్మోన్, ఉన్నదానికంటె తక్కువ చూపించి, లేని రోగం ఉన్నట్టు కనిపిస్తది. ఆ గోలీ ఇయ్యాల్టి నుంచే ఆపు, కనీసం రెండు రోజులు గడిచినంక పో, సోమారం కాకపోతె బుధవారం చూపించు. రక్తం తీసే పిల్లగానికి గూడ బయోటిన్ వాడినవని నోటితోని చెప్పు, వాళ్ళంతల వాళ్ళు అడగరు.